పది ఇరవై ముహూర్తానికి టైప్ ఫోర్ డ్రైవర్

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్‌లో దిగిన ప్రతి మనిషి చేతిలోనూ ఎవరో ఒకరు ఒక పాంప్లెట్ పెట్టేవారు. చేతిలో కూరగాయల సంచి ఉన్నా, చంకలో చంటిపిల్ల ఉన్నా వదిలేవారు కారు. నలభై ఐదు రోజుల్లో జావా, ముప్పై రోజుల్లో అడ్వాన్స్‌డ్ జావా, పదిహేను రోజుల్లో ఫ్రేమ్‌వర్కులు. (మా అమ్మ వాటిని జాగ్రత్తగా ఇంటికి తెచ్చి వంటింటి అరల్లో పప్పుల డబ్బాల కింద పరిచేది. ఆ విధంగా మా ఇంట్లో జావా నాకంటే ముందు కందిపప్పుకి తెలిసింది.) నేనూ ఆ పాంప్లెట్లలో ఒకటి పట్టుకుని మేడ మీది ఒక కోచింగ్ సెంటర్‌లో చేరాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే నిజం ఒప్పుకోవాలనిపిస్తుంది. అక్కడ నేను నేర్చుకున్నది జావా కాదు. జావా గురించి ఎవరైనా అడిగితే చెప్పాల్సిన జవాబులు.

ఆ జవాబులన్నీ కింద జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేసి దొరికేవి. అందులో ముప్పై నాలుగో పేజీ నాకు కంఠతా వచ్చు. జావాలో రాసిన ప్రోగ్రాంకి, సమాచారం దాచిపెట్టే డేటాబేస్‌కి నేరుగా మాటలు కలవవు. మధ్యలో డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉండి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెబుతుంది. ఈ డ్రైవర్లు ఎన్ని రకాలు? నాలుగు రకాలు. టైప్ వన్, టైప్ టూ, టైప్ త్రీ, టైప్ ఫోర్. ఒక్కొక్కదానికి లాభాలు మూడు, నష్టాలు రెండు. నిద్రలో లేపి అడిగినా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాడిని. ఇంటర్వ్యూల్లో కూడా అంతవరకే అడిగేవారు. ఆ నాలుగింటిలో ఏది వాడతావు, ఎందుకు వాడతావు అని ఏ మహానుభావుడూ అడగలేదు. కాబట్టి అది కూడా ఒక ప్రశ్న అవుతుందని నాకు తోచలేదు. ల్యాబ్‌లో మాత్రం ఎప్పుడూ టైప్ వన్నే. కనెక్షన్ దగ్గర "స్టూడెంట్" అనే పేరు రాయాలి, ఎంటర్ కొట్టాలి, కనెక్ట్ అయిపోతుంది. ఎందుకవుతుంది అంటే, అవుతుంది అంతే.

ఇక్కడ మా నాయన గురించి చెప్పాలి. ఆయన బస్ డిపోలో మెకానిక్. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి, సరూర్‌నగర్‌లో కిరాయి ఇల్లు తీసుకుని, చేతికంటిన గ్రీజు పూర్తిగా వదలకుండానే నన్ను ఎమ్‌సీఏ దాకా చదివించాడు. చదువయ్యి రెండేళ్ళయినా నేను స్థిరమైన నౌకరీ లేకుండా ముప్పై నాలుగో పేజీ చదువుతూ ఉంటే ఆయన ఓపిక పట్టాడు. ఆ తర్వాత పట్టలేదు. "చంపాపేట్‌ల మీ మామ సిమెంట్ షాపున్నది. మనిషి గావాల్నంటున్నడు. నెలాఖరు దాక జూస్త. నౌకరి పర్మినెంటయితే సరే. లేకుంటే ఒకటో తారీఖు పొద్దుగాల షాపుల గూసో" అన్నాడు. మా మామ మంచివాడే. కానీ ఆ షాపులో కూర్చున్నవాళ్ళు ఇరవై నాలుగేళ్ళకే తల మీద దుమ్ముతో యాభై ఏళ్ళవాళ్ళలా కనిపించేవారు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

నౌకరీ అంటే, దిల్‌సుఖ్‌నగర్‌లోనే గాజుల షాపు మీద రెండు గదుల సాఫ్ట్‌వేర్ కంపెనీలో ట్రైనీగా మూడు నెలల నుంచి ఉన్నాను. "మొదటి ప్రాజెక్టు బయటికి వెళ్ళాక కన్ఫర్మేషన్ లెటర్ ఇచ్చేద్దామండి" అని మా సార్ మాట. ఆయనది గుంటూరు, మేమందరం గుంటూరు సార్ అనేవాళ్ళం. (మేమందరం అంటే నేనూ, అక్కా.) అక్క అంటే తోడబుట్టింది కాదు, ఆఫీసులో నా సీనియర్. సరూర్‌నగర్ చెరువు అవతలి వైపు నుంచి వచ్చేది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. టెస్టింగ్ ఆమే, ఫోన్లు ఎత్తేది ఆమే, నేను తప్పు చేస్తే "ప్రభువా, ఈ పిల్లగానికి జర తెలివియ్యి" అని కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థించేదీ ఆమే. ఆఫీసులో మంచి కంప్యూటర్ ఒకటే. ఎవరో కోచింగ్ సెంటర్ ల్యాబ్ ఎత్తేస్తే సార్ తెచ్చుకున్నది.

మా మొదటి ప్రాజెక్టు ఎల్‌బీ నగర్‌లోని ఒక మ్యారేజ్ బ్యూరోకి. బ్యూరో నడిపే ఆవిడను ఆ చుట్టుపక్కల కాలనీలన్నీ పెద్దమ్మ అనేవి. ముప్పై ఏళ్ళుగా రిజిస్టర్లలో రాసుకున్న సంబంధాలను ఆవిడ కంప్యూటర్‌లోకి తేవాలనుకుంది. సార్ నన్ను కూర్చోబెట్టి వివరించారు. "చూడు బాబూ, జావాలో మనకి పెళ్ళికొడుకు అంటే ఒక ఆబ్జెక్ట్. పేరు, ఎత్తు, నక్షత్రం, ఉద్యోగం అన్నీ వాడితోనే ఉంటాయి. డేటాబేస్‌లో మాత్రం వాడు టేబుల్‌లో ఒక వరస. ఆ మనిషికీ ఈ వరసకీ పొత్తు కుదుర్చడమే మ్యాపింగ్. అది మనం చేత్తో రాయక్కర్లేదు, ఎవరో ముందే రాసిపెట్టిన ఫ్రేమ్‌వర్క్ చేసిపెడుతుంది. దానికి ఒక ఫైల్లో మూడు విషయాలు చెబితే చాలు. ఏ డ్రైవర్‌తో వెళ్ళాలి, ఏ చిరునామాకి వెళ్ళాలి, అక్కడి డేటాబేస్ ఏ యాసలో మాట్లాడుతుంది." (యాస అనగానే ఆయన ఒకసారి కిటికీలోంచి రోడ్డు మీదికి చూశారు. కింద ఊరేగింపు పోతోంది. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. వారానికి రెండు బందులు, మూడు ర్యాలీలు.)

"అయితే ఏ డ్రైవర్ వాడదాం?" అన్నారు సార్.

నా జన్మ ధన్యమైంది. లేచి నిలబడి ముప్పై నాలుగో పేజీ మొత్తం అప్పజెప్పాను. నాలుగు రకాలూ, పన్నెండు లాభాలూ, ఎనిమిది నష్టాలూ. సార్ చెయ్యి ఎత్తి ఆపబోయారు గానీ నేను మధ్యలో ఆగితే మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది కనుక ఆగలేదు.

"అంతా బాగుందయ్యా. ఏది వాడదాం అంటున్నా."

ల్యాబ్‌లో అలవాటైన పేరే నోటికొచ్చింది. "టైప్ వన్ సార్" అన్నాను. ఎందుకూ అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అక్క మాత్రం కంప్యూటర్ ముందు నుంచి తల తిప్పింది. "టైప్ ఫోర్ వెడ్తే అయిపోతది గదా తమ్మీ. గా డ్రైవర్ ఫైల్ మొన్ననే దించి పెట్టిన, డౌన్‌లోడ్స్‌ల ఉన్నది" అంది. నేను చాలా జాలిగా చూశాను ఆమె వంక. "అక్కా, టైప్ ఫోర్‌కి నష్టం ఉన్నది. డేటాబేస్ మారితే డ్రైవర్ కూడా మార్చాల్సి వస్తుంది. నోట్స్‌లో రెండో పాయింట్" అన్నాను. మనం వాడేది ఒక్కటే డేటాబేస్ కదా, అది మారేదెప్పుడు అని ఆమె అడగబోయి, నా ముఖం చూసి, కళ్ళు మూసుకుని ప్రార్థనలోకి వెళ్ళిపోయింది.

టైప్ వన్ పెట్టి, అలవాటుగా "స్టూడెంట్" అని రాసి ఎంటర్ కొట్టాను. వెంటనే కనెక్ట్ అయింది! నేను ఎంచుకున్నది సరైనదే అని దానికంటే రుజువేం కావాలి? మూడు నెలల పాటు నేను సృష్టించిన పెళ్ళికొడుకులూ, పెళ్ళికూతుళ్ళూ, వాళ్ళ మేనమామలూ అందరూ "స్టూడెంట్" అనే పేరు మీదుగానే లోపలికి వెళ్ళి, బయటికి వచ్చారు. పెద్దమ్మ మధ్య మధ్యలో వచ్చి చూసి సలహాలిచ్చేది. "ఉద్యోగం అన్న గడి ఖాళీ వెడ్తే లోపటికి రానియ్యకు బిడ్డా. కొలువు లేనోనికి పిల్లనెవ్వరిస్తరు? మా రిజిస్టర్‌ల గట్లనే ఉంటది" అంది. సరేనని ఆ గడి ఖాళీగా ఉంటే రికార్డే సేవ్ కాకుండా నా చేతులతో నేనే బిగించాను. ఆ బిగింపు నా మెడకే చుట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

సాఫ్ట్‌వేర్ సిద్ధమైంది అనగానే పెద్దమ్మ పంచాంగం తెరిచింది. మొదటి పేరు ఎక్కించడానికి గురువారం పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు దివ్యమైన ముహూర్తం ఉందట. ఆ తర్వాత మూఢం వస్తోంది, మళ్ళీ రెండు నెలల దాకా మంచి రోజే లేదట. (ప్రపంచంలో సాఫ్ట్‌వేర్ రిలీజుకు మూఢం అడ్డొచ్చిన కంపెనీ మాది ఒక్కటే అయి ఉంటుంది.) రెండు నెలలంటే నా లెక్కలో రెండు నెలల పాటు సిమెంట్ షాపు. కాబట్టి నాకు కూడా ఆ ముహూర్తం మీద అపారమైన భక్తి కుదిరింది.

బుధవారం మధ్యాహ్నం నేనూ, అక్కా పెన్‌డ్రైవ్‌లో ప్రోగ్రాం పెట్టుకుని ఎల్‌బీ నగర్ వెళ్ళాం. పెద్దమ్మ కంప్యూటర్‌లో డేటాబేస్‌ను అక్క ముందే ఎక్కించి ఉంచింది. నేను ప్రోగ్రాం కాపీ చేసి, దేవుణ్ణి తలుచుకుని నొక్కాను. తెర మీద ఎర్ర అక్షరాలు జలపాతంలా దూకాయి. డేటా సోర్స్ నేమ్ నాట్ ఫౌండ్ అట, ఏదో పేరు దొరకలేదట. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను. వైర్లు ఊడబీకి పెట్టాను. పైన తిరుగుతున్న ఫ్యాన్ ఆపి కూడా చూశాను, ఎందుకో నన్నడక్కండి. చివరికి "వైరస్ ఉన్నట్టుంది పెద్దమ్మా" అన్నాను.

"నా కంప్యూటర్‌ల వైరసా? నిన్ననే పసుపు కుంకుమ వెట్టి పూజ జేసిన!" అంది ఆవిడ.

ఆఫీసుకి పరుగెత్తుకొచ్చి చూస్తే మా కంప్యూటర్‌లో సుబ్బరంగా నడుస్తోంది. అంతలో గురువారం బంద్ అని టీవీలో వచ్చింది. బస్సులుండవు, ఆటోలుండవు, నెట్ సెంటర్లుండవు. సార్ పెద్దమ్మకి ఫోన్ చేసి, "శుక్రవారం పెట్టుకుందామాండీ" అని బతిమాలారు. ఫోన్‌లోంచి ఆవిడ గొంతు రెండు గదులకీ వినిపించింది. "బంద్ సర్కారుకు సారూ, ముహూర్తానికి గాదు. రేపు పది ఇరవైకి అయితెనే అయినట్టు. లేకుంటే నా రిజిస్టర్లు నాకున్నయి."

సార్ ఫోన్ పెట్టేసి, గది మధ్యలో నిలబడి ఒక మహత్తరమైన ఆలోచన చేశారు. ఆ ఆలోచనకి నేను ఎగిరి గంతేశాను కనుక అది సగం నాది కూడా. "ఇక్కడ నడుస్తోందిగా? అయితే దీన్నే మోసుకుపోదాం!"

గురువారం పొద్దున ఎనిమిదింటికి సీపీయూ డబ్బాను పాత దుప్పటిలో చుట్టి, తలగుడ్డ మీద పెట్టుకుని నేను ముందు నడిచాను. వెనక పెన్‌డ్రైవ్‌తో అక్క, ఆ వెనక గొడుగుతో సార్. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా అంత వెడల్పు రోడ్డూ ఖాళీ. షాపుల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. మనుషులు నడిరోడ్డు మీద నింపాదిగా నడుస్తున్నారు. సార్ మాత్రం బిక్కుబిక్కుమంటూ, "ఎవరైనా ఏమైనా అడిగితే నువ్వే మాట్లాడు బాబూ. నేను నోరు తెరిస్తే నాది ఏ ఊరో తెలిసిపోతుంది" అని గొణిగి, ఆ తర్వాత నోటికి తాళం వేసుకున్నారు.

కొత్తపేట దగ్గర రోడ్డుకు అడ్డంగా పెద్ద టెంటు. వంటావార్పు జరుగుతోంది. ఆ రోజుల్లో అదొక పద్ధతి. నిరసన అంటే నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి, అక్కడే వండి, వచ్చిన వాళ్ళందరికీ పెట్టి, అక్కడే తినడం. పెద్ద పెద్ద గంజుల్లో పప్పు ఉడుకుతోంది, ఒక వైపు ఆడవాళ్ళు ఉల్లిగడ్డలు కోస్తూ పాటలు పాడుతున్నారు. దాటిపోదామని పక్కకి తప్పుకున్నానో లేదో, పప్పు గంజు వెనక నుంచి గరిటె పట్టుకుని ఒక మనిషి లేచి నిలబడ్డాడు. మా నాయన! డిపో వాళ్ళందరూ అక్కడే ఉన్నారు.

నాయన నా తల మీది మూటను చూశాడు. నా ముఖం చూశాడు. మళ్ళీ మూటను చూశాడు. "సిమెంట్ బస్త మొయ్యనని గదా సాఫ్ట్‌వేర్‌ల చేరినవ్? గిదేందిరా మరి?"

డిపో మొత్తం నవ్వింది. అక్క కూడా నవ్వింది, పైగా చీర కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. నాకు ఆ డబ్బాతో సహా భూమిలోకి దిగబడిపోవాలనిపించింది. సంగతంతా చెప్పాను. నాయన గరిటెతో గంజు అంచు మీద ఒకటి కొట్టి, "గంట టైమున్నది గదా. రెండు ఉల్లిగడ్డలు గోసి పో. ఉద్యమంల చెయ్యి వెట్టకుండ దాటిపోతే మంచిగుండదు" అన్నాడు. మూట దించి కూర్చున్నాను. అప్పుడు ఆయన కన్ను సార్ మీద పడింది. "సారూ, మా వాడు జెప్పిండు, మీది గుంటూరంట గదా?"

సార్ గొడుగు చాటుకి జరిగారు. టెంటు మొత్తం ఆయన వైపు తిరిగింది. నాయన గరిటెడు పప్పు తీసి ఆయన అరచేతిలో పోశాడు. "అయితే జర కారం జూడుండ్రి. సరిపోయిందా?"

సార్ చేతిలోది నాలుకకి రాసుకుని చూశారు. భయం గియం అన్నీ మరిచిపోయి ఆయనలోని గుంటూరు ఒక్కసారిగా లేచి నిలబడింది. "ఇది కారమేంటండీ! చంటిపిల్లల అన్నప్రాసనకి పెట్టొచ్చు దీన్ని!" టెంటంతా నవ్వులే నవ్వులు. ఎవరో కారం డబ్బా తెచ్చి ఆయన చేతికిచ్చారు. ఆ పూట కొత్తపేట చౌరస్తాలో ప్రత్యేక రాష్ట్రం కోసం వండిన పప్పులో కారం మా గుంటూరు సార్ వేసిందే. ఆయన ఆ సంగతి తర్వాత ఏడాది పాటు చెప్పుకున్నారు.

నేను ఉల్లిగడ్డలు కోస్తూ కళ్ళు తుడుచుకుంటుంటే నాయన పక్కన కూర్చున్నాడు. "గీ డబ్బ గాకుంటే ఆమె దాన్ల నడ్వదా?" అని అడిగాడు. "నడవదు నాయనా. ఇందులో ఏదో ఉంది, అందులో లేదు. ఏం లేదో తెలుస్తలేదు" అన్నాను. ఆయన పొయ్యి వైపు చూపించాడు. "మమ్ముల జూడు. గీ రోడ్డు మీద ఏమున్నది? ఏమీ లేదు. పొయ్యి రాళ్ళు మావే, కట్టెలు మావే, గంజులు మావే, ఆఖరికి ఉప్పు గుడ మావే. ఎక్కడ గూసోమంటే అక్కడ వండుతం. పక్కింట్ల పొయ్యి ఉంటదనుకొని ఉత్త చేతులతోని వస్తే పప్పయితదా?"

ఆయన మామూలుగా అన్నాడు, అని ఉప్పు చూడ్డానికి లేచాడు. నా చేతిలో కత్తి మాత్రం ఆగిపోయింది. ముప్పై నాలుగో పేజీ కళ్ళ ముందు తిరిగింది. టైప్ వన్, నష్టం నంబర్ ఒకటి: ప్రతి కంప్యూటర్‌లోనూ ముందుగా సెట్టింగ్ చేసి పెట్టాలి. టైప్ ఫోర్, లాభం నంబర్ ఒకటి: ఏ సెట్టింగూ అక్కర్లేదు, ప్రోగ్రాంతో పాటే వెళుతుంది. వందసార్లు అప్పజెప్పాను ఈ మాటలు. వాటికి ఒక అర్థం కూడా ఉంటుందని ఆ ఉల్లిగడ్డల దగ్గర తెలిసింది. "స్టూడెంట్" అంటే మంత్రం కాదు. ల్యాబ్‌లో మాకు కనపడకుండా ఎవరో పెట్టిపోయిన పొయ్యి. మా ఆఫీసు కంప్యూటర్ ల్యాబ్ నుంచి వచ్చింది కనుక పొయ్యి దానితో పాటే వచ్చింది. పెద్దమ్మ కంప్యూటర్‌లో ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు.

"అక్కా! టైప్ ఫోర్!" అని అరిచాను.

అక్క ఉల్లిగడ్డ పొట్టు దులుపుకుని లేచింది. "మూడు నెలల కింద గదే జెప్పిన" అంది. ఆ తర్వాత, "ఫైలు గీ డబ్బలనే ఉన్నది, మోసుకొచ్చినవ్ గదా, ఎటూ పోలేదు" అంది. ప్రభువు ఆమె మొర ఆలకించడానికి కొంచెం ఆలస్యం చేశాడు గానీ ఆలకించాడు.

టైము తొమ్మిదిన్నర దాటింది. నేను డబ్బా ఎత్తబోతే నాయన "ఇటియ్యి, నీ మెడ చూడు ఎట్లయ్యిందో" అని దాన్ని అమాంతం భుజానికెత్తుకుని, గరిటె వేరేవాళ్ళకి ఇచ్చి, ముందు నడిచాడు. దారిలో ఆపిన ప్రతి గుంపుకీ "జై తెలంగాణ. పెండ్లి పని మీద పోతున్నం, జర తొవ్వియ్యిండ్రి" అని చెప్పాడు. అందరూ తప్పుకుని దారి ఇచ్చారు. ఒకాయన మూటకి దండం కూడా పెట్టాడు.

పది గంటల ఐదు నిమిషాలకి చేరాం. పెద్దమ్మ పట్టుచీర కట్టుకుని, కొబ్బరికాయ పట్టుకుని గుమ్మంలోనే ఉంది. మా డబ్బాను చూసి ముఖం ముడుచుకుంది. "గిదెందుకు? నా దాన్ల ఎక్కాలె మొదటి పేరు. మా ఇంట్ల శుభకార్యానికి పరాయి డబ్బనా?" ఆవిడ తెరను మా డబ్బాకి తగిలించి, అక్క దించిపెట్టిన డ్రైవర్ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, తెరను మళ్ళీ ఆవిడ కంప్యూటర్‌కే తగిలించాను. ఆ ఫైల్‌ను ప్రోగ్రాం పక్కన పెట్టి, సార్ చెప్పిన మూడు విషయాల్లో రెండింటిని మార్చాను. డ్రైవర్ పేరు, చిరునామా. యాస అదే. డేటాబేస్ మారలేదు కదా. నేను మూడు నెలలు రాసిన పెళ్ళికొడుకులూ, మేనమామలూ ఎవర్నీ ముట్టుకోలేదు, ఒక్క అక్షరం కూడా. మ్యాపింగ్ అంటే ఏమిటో, దాన్ని ఎందుకు కనిపెట్టారో నాకు అప్పుడే, పది గంటల పదిహేడు నిమిషాలకి తెలిసింది.

నొక్కాను. ఎర్ర అక్షరాలు రాలేదు. తెల్లటి ఫారం వచ్చింది, పైన వినాయకుడి బొమ్మతో.

పెద్దమ్మ కొబ్బరికాయ కొట్టి కుర్చీలో కూర్చుంది. "మొదటి పేరు ఎవ్వరిది రాద్దాం?" అని గది చుట్టూ చూసింది. గదిలో పెళ్ళి కానివాడిని నేనొక్కడినే. "నువ్వే రా బిడ్డా, శుభం!" అని నన్ను అడక్కుండానే ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టింది. పేరు రాసింది. నక్షత్రం నాయన చెప్పాడు. రంగు దగ్గర నన్ను ఎగాదిగా చూసి చామనచాయ అంది. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలని నేను చెబితే "ఎనిమిదంటేనే చూస్తరు" అని ఎనిమిది రాసింది. తర్వాత ఉద్యోగం అనే గడి దగ్గర ఆగింది.

"ఏం రాయాలె?"

నేను ట్రైనీ అనబోయాను. "ట్రైనీ గీనీ నేను రాయ. పర్మినెంటా, కాదా? కాకుంటే ఖాళీ వెడ్త" అంది. ఖాళీగా పెడితే సేవ్ కాదు. సేవ్ కాకపోతే ముహూర్తం దాటిపోతుంది. ముహూర్తం దాటితే ప్రాజెక్టు లేదు. అలా బిగించింది నేనే! గోడ గడియారంలో పది పంతొమ్మిది. పెద్దమ్మ సార్ వైపు చూసింది. అక్క సార్ వైపు చూసింది. నాయన చూడలేదు. డబ్బాకి చుట్టి తెచ్చిన దుప్పటి తీసి మడత పెడుతున్నాడు, కానీ ఆ మడత ఎంతకీ అవడం లేదు. రెండేళ్ళుగా ఆయన పైకి చూపించని ఆరాటమంతా ఆ దుప్పటి మడతలో కనిపించింది.

సార్ గడియారం చూశారు, తన కారం చేతులు చూసుకున్నారు, నాయన్ని చూశారు. "సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అని రాయండమ్మా" అన్నారు. కారం చేతులు దులుపుకుని, "పక్కన బ్రాకెట్లో పర్మనెంట్ అని కూడా రాయండి" అన్నారు.

పది ఇరవైకి సేవ్ అయింది. రికార్డు నంబర్ ఒకటి. పెద్దమ్మ వెంటనే దాన్ని ప్రింట్ తీసి, మూలల్లో పసుపు పెట్టి, నా చేతికి కాకుండా నాయన చేతికిచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "పప్పు మాడుతదేమో, పోత" అని వెళ్ళిపోయాడు. సందు మలుపు తిరిగే దాకా చూశాను. మలుపు దగ్గర ఆగి, జేబులోంచి కాగితం తీసి, మళ్ళీ చదువుకున్నాడు.

కన్ఫర్మేషన్ లెటర్ మాత్రం నాకు ఎప్పటికీ రాలేదు. లెటర్‌హెడ్ అచ్చయి రాగానే అని సార్ రోజూ అనేవారు. ఈ లోపల బందులొచ్చాయి, సమ్మెలొచ్చాయి, ఏడాది తర్వాత ఆఫీసే మూతపడింది. సార్ ఒక కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పడానికి వెళ్ళిపోయారు. (ఆయన నోట్స్‌లో ముప్పై నాలుగో పేజీ చివర "ఏది వాడాలి?" అనే ప్రశ్న ఉంటుందని విన్నాను.) అక్క ఇప్పుడు పెద్ద కంపెనీలో టెస్టింగ్ మేనేజర్. ఆమె కింద నలభై మంది, అందరి కోసం ప్రార్థిస్తుంది. నేను తర్వాతి ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు పాత ఉద్యోగానికి రుజువేమైనా ఉందా అని అడిగారు. ఉన్న ఒకే ఒక్క రుజువు నాయన పెట్టెలోంచి తెచ్చి టేబుల్ మీద పెట్టాను. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు దాన్ని నక్షత్రంతో సహా చదివి, ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, ఇది ఏ సాఫ్ట్‌వేర్‌తో ప్రింట్ చేశారని అడిగారు. "నేను రాసిందేనండీ" అన్నాను. డ్రైవర్ల రకాల గురించి వాళ్ళు అడగలేదు. అడగకుండానే ఉద్యోగం ఇచ్చారు.

పెళ్ళి ఆ రికార్డు వల్ల కాలేదు, అది వేరే కథ. టైప్ వన్‌ను జావా నుంచే తీసేసి ఎన్నో ఏళ్ళయింది. మొన్న ఇల్లు సర్దుతుంటే ఆ కాగితం మళ్ళీ కనపడింది. నాయన దాన్ని తన డిపో కాగితాలతో పాటు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి దాచాడు. మడతల దగ్గర చినిగితే లోపలి నుంచి టేపు వేసి అతికించాడు. మూలల్లో పసుపు ఇంకా ఉంది. నేను మంచం మీద కూర్చుని, అందులో ఉన్న ఇరవై నాలుగేళ్ళ కుర్రవాణ్ణి చాలాసేపు చూసుకున్నాను. చామనచాయ అట. ఎత్తు రెండంగుళాలు అబద్ధం. ఉద్యోగం మాత్రం నిజం, పది ఇరవై నుంచి.